సీ డ్రైవ్‌లో జాగా ఎటు పోయింది?

2023 ఆగస్టు 29న జపాన్‌లో టయోటా కార్ల తయారీ ఆగిపోయింది. పొద్దున పన్నెండు ప్లాంట్లు, రెండో షిఫ్టు వేళకి మిగిలిన రెండూ. మొత్తం 14. భూకంపం లేదు, సమ్మె లేదు. ముందుగా అందరికీ వచ్చిన అనుమానం సైబర్ దాడి. అదీ కాదని తేలింది. వారం తర్వాత కంపెనీ అసలు కారణం చెప్పింది. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లలో డిస్క్ జాగా చాల్లేదు.

అంతకు రెండు రోజుల ముందు, 27న, ఆ సర్వర్ల మీద మామూలుగా చేసే నిర్వహణ పని పెట్టుకున్నారు. డేటాబేస్‌లో పేరుకుపోయిన సమాచారాన్ని తీసేసి, మిగిలినదాన్ని సర్దడం అందులో భాగం. ఆ పని నడుస్తుండగానే డిస్క్ నిండిపోయి వ్యవస్థ ఆగిపోయింది. ఒకటి ఆగితే ఇంకొకటి అందుకుంటుందని పెట్టుకున్న బ్యాకప్ కూడా అదే వ్యవస్థ మీద నడుస్తోంది కాబట్టి అదీ లేవలేదు. డేటాను ఇంకా పెద్ద డిస్క్ ఉన్న సర్వర్‌కు మార్చాక, 30న ప్లాంట్లు మళ్లీ మొదలయ్యాయి.

జాగా అయిపోయింది సరిగ్గా జాగా ఖాళీ చేసే పనిలోనే. పాతది తీసేయాలన్నా, మిగిలింది సర్దాలన్నా కంప్యూటర్ చేతిలో ముందు కొంత ఖాళీ ఉండాలి. ఎంత ఉందో, ఎవరు వాడుతున్నారో తెలియకుండా చీపురు పట్టుకుంటే ఏమవుతుందో ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

మన ఇళ్లలో ఈ కథ చిన్న స్థాయిలో రోజూ జరుగుతోంది. సీ డ్రైవ్ కింద నీలం గీత ఎర్రబడుతుంది. విండోస్ అప్‌డేట్ మధ్యలో ఆగుతుంది. వర్డ్‌లో టైప్ చేసింది సేవ్ కానంటుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? కంటికి ఎదురుగా ఉన్నవి తీసేస్తాం. పిల్లల ఫొటోలు, అమ్మమ్మ షష్టిపూర్తి వీడియో, డెస్క్‌టాప్ మీది పాత ఫైళ్లు. అవన్నీ పోయాక కూడా గీత ఎర్రగానే ఉంటుంది, ఎందుకంటే డిస్క్‌ను తినేసేవి సాధారణంగా కంటికి కనపడే చోట ఉండవు. పోగొట్టుకున్నదేమో తిరిగి రానిది. అందుకే ఈ కథనం ఎలా తీసేయాలన్నదాని గురించి కాదు. ముందు ఎలా చూడాలన్నదాని గురించి.

కొన్న రోజే 36 జీబీ తక్కువ

మొదట ఒక అపోహ తీర్చాలి. డబ్బా మీద 512 జీబీ అని ఉన్న ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి తెరిస్తే విండోస్ 476 జీబీ అంటుంది. షాపువాడు మోసం చేశాడని చాలామంది అనుకుంటారు. మోసం లేదు. డిస్క్ తయారుచేసే కంపెనీ 1 జీబీ అంటే వంద కోట్ల బైట్లుగా లెక్కేస్తుంది. విండోస్ మాత్రం 1,024ను మూడుసార్లు గుణించి వచ్చే 107,37,41,824 బైట్లను 1 జీబీ అంటుంది. సరుకు అంతే, కొలపాత్ర వేరు. 256 జీబీ డిస్క్ 238గా, 1 టీబీ డిస్క్ 931 జీబీగా కనపడేది ఇందుకే. ఈ గందరగోళం తీర్చడానికి 1998లోనే రెండో కొలతకు గిబీబైట్ అని వేరే పేరు పెట్టారు, కానీ విండోస్ ఆ పేరు వాడలేదు. ఆపిల్ 2009 నుంచి మ్యాక్‌లలో డిస్క్ కంపెనీల లెక్కే చూపిస్తోంది.

ఆ తేడా తీసేశాక కూడా కొత్త కంప్యూటర్‌లో సీ డ్రైవ్ ఖాళీగా ఉండదు. అందులో కొన్ని పెద్ద ఫైళ్లు మామూలుగా చూస్తే కనపడవు. వాటిలో మొదటిది హైబర్నేషన్ ఫైలు. కంప్యూటర్ నిద్రలోకి వెళ్లేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా రాసుకోవడానికి విండోస్ ముందుగానే పట్టి ఉంచే జాగా అది. మామూలుగా ర్యామ్‌లో నలభై శాతం. 16 జీబీ ర్యామ్ ఉంటే ఆరు జీబీ పైమాటే. రెండోది పేజ్ ఫైలు. ర్యామ్ చాలనప్పుడు పొంగిన సమాచారం అందులోకి వెళ్తుంది. వీటిని చేత్తో తీయబోతే విండోస్ ఒప్పుకోదు. హైబర్నేషన్ అక్కర్లేదనుకుని దాన్ని ఆపేస్తే ఆ ఫైలు దానంతటదే పోతుంది. పేజ్ ఫైలును ముట్టుకోకపోవడమే మంచిది.

మూడోది సిస్టమ్ రిస్టోర్. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి విండోస్ దాచుకునే పాత ప్రతులు ఇవి. విండోస్ 10 నుంచి 11కి మారినప్పుడో, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడో ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్ కూడా పుడుతుంది. పాత విండోస్ మొత్తం అందులో ఉంటుంది. నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి మామూలుగా పది రోజుల గడువిచ్చి, ఆ తర్వాత విండోస్ తనే తీసేస్తుంది.

విన్‌ఎస్ఎక్స్ఎస్ అని ఒక ఫోల్డర్ ఉంది. విండోస్ ఫోల్డర్‌లోకి తొంగిచూసినవారు దాన్ని చూసి భయపడతారు, జాగా అంతా ఇదే మింగిందని తీర్మానించేస్తారు. అక్కడ కనపడే లెక్క నిజం కాదు. డిస్క్‌లో ఒకే చోట ఉన్న ఫైలుకు రెండు చోట్ల పేర్లు ఉండవచ్చు. వీటిని హార్డ్ లింకులంటారు. విండోస్ ఎక్స్‌ప్లోరర్ ప్రతి పేరునూ వేరే ఫైలుగా కూడుతుంది. ఆ ఫోల్డర్‌లో ఉన్నవి చాలావరకు విండోస్ వాడుకుంటున్న ఫైళ్లే. దాన్ని చేత్తో ఖాళీ చేసినవాళ్లు మర్నాడు కంప్యూటర్‌ను సర్వీసు సెంటర్‌కు మోసుకెళ్లాల్సిందే. డిస్క్ క్లీనప్‌లో ‘విండోస్ అప్‌డేట్ క్లీనప్’ అనే అంశం ఉంటుంది. తీయదగ్గ పాత ముక్కలేవో దానికి తెలుసు. ఆ పని దానికే వదలాలి.

ఇవన్నీ కలిపినా అంత పెద్ద డిస్క్‌లో చిన్న భాగమే. 476 జీబీ నిండిందంటే పెద్ద దొంగ వేరే చోట ఉన్నట్టు.

జిరాక్స్ సెంటర్‌లో దొరికింది

మా కాలనీ మెయిన్ రోడ్డు మీద ఒక జిరాక్స్ సెంటర్ ఉంది. పేరుకు జిరాక్స్ గానీ అక్కడ జరగని పని లేదు. ఈఏపీసెట్ హాల్‌టికెట్లు, పహాణీలు, కరెంటు బిల్లులు, పాస్‌పోర్టు దరఖాస్తులు, పెళ్లి శుభలేఖల డీటీపీ. కంప్యూటర్ ఒక్కటే, 256 జీబీ డిస్క్. ఎవరు వచ్చినా వాట్సాప్‌లో ఫైలు పంపుతారు, అతను డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీస్తాడు. ఒకసారి నేను వెళ్లేసరికి కంప్యూటర్ మొరాయించి ఉంది, బయట నలుగురు నిలబడి ఉన్నారు.

“సార్, మొన్ననే ఆధార్‌లన్నీ తీసేశానండీ. రెండు వేల దాకా పోయాయి. అయినా జాగా లేదంటోంది” అన్నాడు.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూపించాడు. ఇంకా ఎన్నో ఉన్నాయి. ఒకే ఆధార్ పీడీఎఫ్ పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు తగిలించుకుని నాలుగు ప్రతులు. ఎవరివో పాన్ కార్డులు, ఎవరివో పదో తరగతి మెమోలు. ఇతరుల గుర్తింపు కార్డులు పని అయిపోయిన వెంటనే తీసేయడం ఎలాగూ అతని బాధ్యతే, ఆ మాట అతనికీ తెలుసు. కానీ జాగా సంగతి వేరు. ఆధార్ పీడీఎఫ్ ఒక్కోటి అర ఎంబీ ఉందనుకున్నా, రెండు వేలు తీసేస్తే వచ్చేది 1 జీబీ. గంటల తరబడి కూర్చుని అతను ఖాళీ చేసింది అంతే.

“ఇక ఏమీ తీయొద్దు, ముందు చూద్దాం” అని విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టించాను. అది డిస్క్‌లోని ప్రతి ఫోల్డర్‌లోకీ వెళ్లి ప్రతి ఫైలు సైజూ కూడుకొస్తుంది. చివరికి తెర కింది భాగంలో రంగురంగుల పెట్టెల పటం ఒకటి గీస్తుంది. ఒక్కో పెట్టె ఒక్కో ఫైలు. ఫైలు ఎంత పెద్దదో పెట్టె వైశాల్యం అంత. ఒకే రకం ఫైళ్లకు ఒకే రంగు. అతని డిస్క్ పటంలో ఒక మూలంతా ఒకే రంగు పెట్టెలు, అన్నీ ఒకే సైజు, గళ్ల దుప్పటి పరిచినట్టు. ఒకదాని మీద నొక్కితే పేరు వచ్చింది: స్కాన్, దాని పక్కన నంబరు, చివర బీఎంపీ.

స్కానర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ చేసిన పని అది. అతను కాగితం స్కాన్ చేసి పీడీఎఫ్‌గా మార్చి కస్టమర్‌కు ఇచ్చేవాడు. మార్చడానికి ముందు తీసిన అసలు బొమ్మను సాఫ్ట్‌వేర్ డాక్యుమెంట్స్ కింద తన సొంత ఫోల్డర్‌లో ఉంచేసుకునేది. అదీ బీఎంపీ రూపంలో, అంటే ఏమాత్రం కుదించకుండా. రిజల్యూషన్ 600 డీపీఐ. ఏ4 కాగితం ఆ లెక్కన అడ్డంగా 4,960 చుక్కలు, నిలువుగా 7,016 చుక్కలు. ఒక్కో చుక్క రంగు రాయడానికి మూడు బైట్లు. గుణిస్తే దాదాపు పది కోట్ల నలభై నాలుగు లక్షల బైట్లు. ఒక్క పేజీకి దాదాపు వంద ఎంబీ! రెండు వందల పేజీలు స్కాన్ చేస్తే 20 జీబీ. ఆ ఫోల్డర్ అతను ఎన్నడూ తెరవలేదు. దాని ఉనికే తెలియదు.

సెట్టింగ్‌ను 300 డీపీఐకి మార్చి, జేపెగ్‌గా సేవ్ అయ్యేలా పెట్టాక అదే పేజీ ఒకటి రెండు ఎంబీల్లోకి వచ్చింది. ప్రింట్ తీసి రెండూ పక్కపక్కన పెడితే అతనికీ తేడా కనపడలేదు.

ఎవరూ కావాలని దాచుకోనివే డిస్క్ నింపుతాయని నేను గట్టిగా నమ్ముతాను. వాట్సాప్ డెస్క్‌టాప్ వాడేవాళ్లు గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు చూసి మరిచిపోతారు. అవి యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్ లోపల ఎక్కడో ఉండిపోతాయి. ఒకప్పుడు ఐఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి బ్యాకప్ తీసినవారికి ఆ ఫోను అమ్మేశాక కూడా దాని బ్యాకప్ పదుల జీబీల్లో అక్కడే ఉంటుంది. మ్యాక్ అయితే స్టోరేజ్ పట్టికలో ‘సిస్టమ్ డేటా’ అనే ఒక్క మాట కింద ఇలాంటివెన్నో కలిపేసి చూపిస్తుంది. ఏం ఉందో చెప్పని పద్దు అది.

పద్నాలుగు మంది, ఒక్క డిస్క్

ఆ పెట్టెల పటం వెనక ఒక ప్రొఫెసర్ విసుగు ఉంది. 1990లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో, మనుషులు కంప్యూటర్లను ఎలా వాడతారో పరిశోధించే ప్రయోగశాలను బెన్ ష్నైడర్మన్ నడిపేవారు. అక్కడ 14 మంది కలిసి వాడుకునే హార్డ్ డిస్క్ ఒకటి ఉండేది. సైజు 80 ఎంబీ. అంటే మన జిరాక్స్ సెంటర్ స్కాన్ ఒక్క పేజీ కూడా పట్టనంత. అది మాటిమాటికీ నిండిపోయేది. ఎవరి ఫైళ్లు ఎంత తింటున్నాయో చెప్పడం ఎవరి వల్లా కాలేదు.

అప్పటికి ఉన్న మార్గం వరుస జాబితా. యూనిక్స్‌లో డీయూ అనే కమాండ్ ఉంది, డిస్క్ యూసేజ్‌కు పొట్టి పేరు. 1971 నవంబర్‌లో వచ్చిన యూనిక్స్ మొదటి మాన్యువల్‌లోనే అది ఉంది. ఆ రోజుల్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ నడిచిన యంత్రం డిస్క్ మొత్తం అర ఎంబీ. జాగా కొరత అంత పాతది, దాన్ని లెక్కపెట్టే పనిముట్టూ అంతే పాతది. కానీ జాబితాలో వేల గీతలుంటే అందులో పెద్దదేదో, దేని లోపల ఏది ఉందో కన్ను పట్టుకోలేదు. ఫోల్డర్లను కొమ్మలూ రెమ్మలుగా చెట్టు ఆకారంలో గీయబోతే రెండు మూడు మెట్లలోనే తెర దాటిపోయేది.

ష్నైడర్మన్‌కు దారి దొరికింది అధ్యాపకుల విశ్రాంతి గదిలో. చెట్టును గీయడం మానేసి తెరనే ముక్కలు చేయాలి. ముందు తెరను నిలువుగా ఫోల్డర్లకు పంచాలి, ఎవరి సైజును బట్టి వారికి. ఆ ఒక్కో ముక్కనూ అడ్డంగా లోపలి ఫోల్డర్లకు పంచాలి. మళ్లీ నిలువుగా. చివరి ఫైలు దాకా ఇలాగే. మన గ్రామ నక్షాలో ఊరి భూమంతా సర్వే నంబర్లుగా, సర్వే నంబరు సబ్ డివిజన్లుగా ఎలా తెగుతుందో అలా. ఎంత పెద్ద డిస్కయినా ఒక్క తెరలో పడుతుంది, ఒక్క బైటూ లెక్క తప్పదు. ఇది ప్రతిసారీ పనిచేస్తుందని తనను తాను ఒప్పించుకోవడానికి కొన్ని రోజులు పట్టిందనీ, రాసి చూస్తే ఆరు వరసల్లో అయిపోయిందనీ ఆయన తర్వాత చెప్పుకున్నారు. దానికి ట్రీమ్యాప్ అని పేరు పెట్టారు. విద్యార్థి బ్రయాన్ జాన్సన్ మెకింటాష్ మీద ట్రీవిజ్ అనే ప్రోగ్రామ్‌గా మలిచాడు. ఈ ఆలోచనపై ష్నైడర్మన్ వ్యాసం 1992 జనవరిలో అచ్చయింది.

మొదటి పటాల్లో ఒక లోపం ఉండేది. పంపకాలు లోతుకు వెళ్లేకొద్దీ కొన్ని ముక్కలు దారాల్లా సన్నగా సాగేవి. కంటికి ఆనేవి కావు, మౌస్‌తో నొక్కడానికీ దొరికేవి కావు. నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో యార్కె వాన్ వైక్ బృందం దీన్ని చక్కదిద్దింది. 1999లో పెట్టెలకు దిండులా ఉబ్బెత్తు నీడలు ఇచ్చారు, ఏది దేనిలో భాగమో నీడను బట్టి తెలిసేలా. 2000లో పెట్టెలన్నీ వీలైనంత చదరంగా వచ్చే పద్ధతి కట్టారు. ఆ రెండూ కలిపిన పటమే తర్వాత లినక్స్‌లో కేడిర్‌స్టాట్ అయింది, దాని స్ఫూర్తితో విండోస్‌లో విన్‌డిర్‌స్టాట్ అయింది. మ్యాక్‌లో గ్రాండ్‌పర్‌స్పెక్టివ్ అదే పని చేస్తుంది.

డిస్క్ కోసం పుట్టిన ఈ పటం డిస్క్ దగ్గరే ఆగలేదు. 1998లో మార్టిన్ వాటెన్‌బర్గ్ దానితో అమెరికా స్టాక్ మార్కెట్‌ను గీశారు. కంపెనీ విలువ ఎంతో పెట్టె అంత, పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. ఇవాళ నిఫ్టీ కంపెనీలను ఎరుపు, ఆకుపచ్చ పెట్టెలుగా చూపించే హీట్ మ్యాప్ మన తెలుగు మదుపరులకు రోజూ అలవాటైన బొమ్మ. నిండిపోయిన ఒక 80 ఎంబీ డిస్క్ దగ్గర మొదలైన వంశం అది.

విన్‌డిర్‌స్టాట్ పాత వెర్షన్లతో పెద్ద డిస్క్ చూడాలంటే కాసేపు ఆగాలి, ఒక్కో ఫోల్డర్ తలుపూ తట్టాలి కాబట్టి. విజ్‌ట్రీ అనే ఇంకో ప్రోగ్రామ్ ఆ పని చేయదు. విండోస్ డిస్క్‌లో ప్రతి ఫైలు పేరూ సైజూ రాసి ఉండే ఒక పెద్ద పట్టిక ఉంటుంది, ఒక్కో ఫైలుకు మామూలుగా ఒక్కో కేబీ నమోదు. విజ్‌ట్రీ నేరుగా ఆ పట్టికనే చదువుతుంది. లక్షల ఫైళ్లున్న డిస్క్ కూడా సెకన్లలో తేలుతుంది. ఏదీ పెట్టుకోవడం ఇష్టం లేనివారికి విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ లోపల స్టోరేజ్ ఉంది. మొదటి చూపుకు అది చాలు. కానీ ‘అదర్’ అంటూ అది మూటగట్టే పద్దు పెద్దదైతే పటం గీయక తప్పదు.

అక్షరం తేలిక, బొమ్మ బరువు

ఇంట్లో దొంగను వెతికేటప్పుడు దేని బరువెంతో ఒక అంచనా ఉండాలి. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు తీసుకుంటాయి. ‘అమ్మ’ అని రాస్తే అ, మ, పొల్లు, మ కలిపి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఒక్క బైటే. ఆ లెక్కన తెలుగు బరువే అనుకోవచ్చు. కానీ మీరు చదువుతున్న ఈ కథనం అక్షరాలన్నీ కలిపినా యాభై అరవై కేబీ. ఆపిల్ చెప్పిన లెక్క ప్రకారం ఐఫోన్‌లో 4కే వీడియో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున ఒక్క నిమిషం తీస్తే 170 ఎంబీ. ఆ ఒక్క నిమిషం జాగాలో ఇలాంటి వ్యాసాలు దాదాపు మూడు వేలు పడతాయి. కాబట్టి జాగా కోసం వర్డ్ ఫైళ్లూ, పాత ఉత్తరాలూ తీసేయకండి. వాటివల్ల ఏమీ రాదు.

బరువంతా మోసేది పెళ్లి వీడియో స్టూడియోలు. కెమెరా సెకనుకు వంద మెగాబిట్ల చొప్పున రాస్తుంటే గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు నాలుగు గంటలు నడిస్తే 540 జీబీ. మన పెళ్లిళ్లలో జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా నాలుగు గంటలతో అయ్యేదీ కాదు. ఈ అసలు ఫుటేజీ తప్పనిసరి, దాని సంగతి స్టూడియోవారికి తెలుసు. తెలియనిది ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పక్కన రాసుకునే క్యాష్. ప్రీమియర్ ప్రో ప్రతి క్లిప్పునూ చకచకా చూపించడానికి సహాయక ఫైళ్లు తయారు చేసుకుంటుంది. అవి సెట్టింగ్ మార్చకపోతే సీ డ్రైవ్‌లోకే వెళ్తాయి. ఫుటేజీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో భద్రంగానే ఉంటుంది, సీ డ్రైవ్ మాత్రం పెళ్లిళ్ల సీజన్ ముగిసేసరికి నిండుతుంది. డెలివరీ ఇచ్చేసిన పెళ్లి తాలూకు క్యాష్‌ను ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ నుంచే తీసేయవచ్చు. మళ్లీ అవసరమైతే అదే తయారు చేసుకుంటుంది.

లెక్కలు కలవని రాత్రి

మాదాపూర్, గచ్చిబౌలిల్లో సర్వర్లు చూసే మన పిల్లలకు ఇంకో రకం చిక్కు. అర్ధరాత్రి ఫోను మోగుతుంది, డిస్క్ నూటికి నూరు నిండింది. డిస్క్ మొత్తంలో ఎంత ఖాళీ ఉందో చెప్పే డీఎఫ్ కమాండ్ ఇస్తే ఖాళీ సున్నా. డీయూతో ఫోల్డర్లన్నీ కూడితే అందులో సగమే లెక్క తేలుతుంది. మిగతా సగం ఎక్కడ?

చాలాసార్లు జవాబు ఇది: అంతకుముందే ఎవరో పెద్ద లాగ్ ఫైలు ఒకటి కనపడితే తీసేసి ఉంటారు. లినక్స్‌లో ఫైలు తీసేయడమంటే దాని పేరు తీసేయడమే. ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైలును ఇంకా తెరిచి ఉంచితే, అది వదిలేదాకా జాగా వెనక్కి రాదు. పేరు లేదు కాబట్టి డీయూకి కనపడదు. జాగా వాడుకలోనే ఉంది కాబట్టి డీఎఫ్ లెక్కలో ఉంటుంది. ప్రోగ్రామ్ అందులో ఇంకా రాస్తూ ఉంటే, కనపడని ఆ ఫైలు పెరుగుతూనే ఉంటుంది. ఎల్ఎస్‌వోఎఫ్ అనే కమాండ్ ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు పట్టుకుని కూర్చుందో చెబుతుంది. ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే జాగా విడుదలవుతుంది. అసలు పెరుగుతున్న లాగ్‌ను తీసేయకుండా లోపలి సరుకును సున్నా చేయడం మొదటి నుంచీ క్షేమం.

ఇంకో వింత కూడా ఎదురవుతుంది. జీబీలకు జీబీలు ఖాళీగా ఉండి కూడా జాగా లేదంటుంది. ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్‌లో ఎన్ని ఫైళ్లు ఉండవచ్చో డిస్క్ ఫార్మాట్ చేసిన రోజే లెక్క కట్టేస్తారు. చిన్నచిన్న ఫైళ్లు లక్షల్లో పోగైతే ముందు ఆ సంఖ్య అయిపోతుంది. సైజు చూసి లాభం లేదు, ఎన్ని ఉన్నాయో చూడాలి.

ఆ సంఖ్యే ఒకసారి అంగారకుడి మీద ప్రాణం మీదికి తెచ్చింది. నాసా పంపిన స్పిరిట్ రోవర్ 2004 జనవరి 4న అక్కడ దిగింది. 21న మాట పడిపోయింది. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ ఇంజినీర్లకు అడపాదడపా అందిన సంకేతాలను బట్టి అర్థమైంది ఒకటే: రోవర్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. అరవైసార్లకు పైగా. రాత్రి పడుకోవాల్సింది పడుకోవడం లేదు, బ్యాటరీ కరుగుతోంది.

దానిలో 256 ఎంబీ ఫ్లాష్ మెమరీ ఉండేది, కరెంటు పోయినా సమాచారం నిలిచే రకం. భూమి నుంచి ఏడు నెలల ప్రయాణంలో పోగైన ఫైళ్లూ, దిగాక చేరినవీ అందులో వేలల్లో ఉన్నాయి. ఆ ఫైళ్ల పట్టికను నడిపే సాఫ్ట్‌వేర్ దాన్ని ర్యామ్‌లో పెట్టుకునేది. పట్టిక ర్యామ్‌లో దానికి కేటాయించిన వాటాను దాటింది. రోవర్ రీస్టార్ట్ అయింది. లేవగానే మొదట చేసే పని ఫ్లాష్ తెరవడం. మళ్లీ అదే పట్టిక, మళ్లీ అదే రీస్టార్ట్. ఇంజినీర్లు ఫ్లాష్‌ను తెరవకుండానే లేవమని ఆదేశం పంపారు. లేచింది. అప్పుడు ముందు లోపల ఏముందో చూశారు, అక్కర్లేని ఫైళ్లు తీశారు, ఫిబ్రవరిలో ఫ్లాష్‌ను మొత్తంగా ఫార్మాట్ చేశారు. 90 రోజుల పనికని వెళ్లిన స్పిరిట్ 2010 మార్చి దాకా కబుర్లు పంపుతూనే ఉంది. ఇరవై కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్న యంత్రంతో కూడా వాళ్లు ముందు చూశారు, తర్వాతే తీశారు. ఎదురుగా బల్ల మీద ఉన్న ల్యాప్‌టాప్‌తో ఆ మాత్రం ఓపిక మనకు ఉండాలి.

తీసేసే ముందు

ఒక్క క్లిక్‌తో అంతా శుభ్రం చేస్తామనే ప్రోగ్రాముల ప్రకటనలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. నేను వాటిని ఎవరికీ సిఫారసు చేయను. ఏది అక్కర్లేదో నిర్ణయించాల్సింది మీరు, ఆ ప్రోగ్రామ్ కాదు. విండోస్‌తో వచ్చే పనిముట్లే కొన్నిసార్లు తేడా చేశాయి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి సొంత ఫైళ్లనే తుడిచేసిందని ఫిర్యాదులు రావడంతో మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపి, నవంబర్‌లో సరిదిద్ది మళ్లీ ఇచ్చింది. అదే వెర్షన్‌లో డిస్క్ క్లీనప్ జాబితాలోకి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా వచ్చి చేరింది. అన్నిటికీ టిక్ పెట్టడం అలవాటైనవారు చూసుకోకుండా దాచుకున్న ఫైళ్లు పోగొట్టుకున్నారు. తర్వాతి వెర్షన్లలో దాన్ని తీసేశారు. టిక్ పెట్టేముందు ప్రతి పేరూ చదవాలి.

వన్‌డ్రైవ్ వాడేవారికి ఇంకొక హెచ్చరిక. పక్కన మేఘం గుర్తు ఉన్న ఫైలు మీ డిస్క్‌లో లేదు, దాని పేరు మాత్రమే ఉంది. కుడి నొక్కుతో ప్రాపర్టీస్ చూస్తే సైజు 4 జీబీ, డిస్క్ మీద సైజు సున్నా అని ఉంటుంది. జాగా కోసం దాన్ని డిలీట్ చేస్తే జాగా ఏమీ రాదు, పైగా మేఘంలో ఉన్న అసలూ పోతుంది. అదే ఫైలు డిస్క్ మీద కూడా ఉంటే, డిలీట్ కాకుండా ‘ఫ్రీ అప్ స్పేస్’ అనేది ఎంచుకోవాలి. పొరపాటున తీసేసినవి సొంత ఖాతాల్లో 30 రోజులు వన్‌డ్రైవ్ చెత్తబుట్టలో ఉంటాయి, అంతలో వెతుక్కోవచ్చు.

డిలీట్ చేసినవి సాఫ్ట్‌వేర్‌తో తిరిగి తెచ్చుకోవచ్చన్న ధైర్యమూ ఇప్పుడు పనికిరాదు. పాత హార్డ్ డిస్కుల్లో తీసేసిన ఫైలు మీద కొత్తది రాసేదాకా పాతది అక్కడే ఉండేది. ఎస్‌ఎస్‌డీల్లో తీసేయగానే ఆ జాగా ఖాళీ అయిందని విండోస్ డిస్క్‌కు చెబుతుంది, డిస్క్ తన తీరిక చూసుకుని దాన్ని తుడిచేస్తుంది. ఆ తర్వాత ఎవరూ తేలేరు.

కుటుంబ ఫొటోలు తీయాల్సివస్తే ముందు రెట్టింపులు వెతకండి. ఒకే పెళ్లి ఆల్బమ్ కెమెరా కార్డు నుంచి ఒకసారి, పెన్‌డ్రైవ్ నుంచి ఒకసారి, పెద్దక్క పంపింది ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కి ఉంటుంది. డూప్‌గురు లాంటి ప్రోగ్రామ్‌లు పేరును కాకుండా లోపలి సరుకును పోల్చి, అచ్చంగా ఒకటే అయినవాటిని చూపిస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి మాత్రం కుదించినది కాబట్టి అసలుతో కలవదు. రెండిట్లో పెద్దదే అసలు, దాన్నే ఉంచాలి. ఉంచుకోవాల్సినవి బయటి డిస్క్‌లోకి కాపీ చేశాక, ఆ డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫొటోలు, ఒకటి రెండు వీడియోలు తెరిచి చివరిదాకా ఆడుతున్నాయో లేదో చూడండి. తర్వాత ఇక్కడివి డిలీట్ చేయండి. రీసైకిల్ బిన్‌లో ఉన్నంతసేపూ జాగా రాదు, నిజమే. అయినా ఆ రోజుకు దాన్ని అలాగే ఉంచి, మర్నాడు కంప్యూటర్ ఆన్ చేసి, ఇంట్లో మిగతావాళ్లను కూడా వాళ్ల ఫైళ్లు ఉన్నాయో లేదో చూసుకోమని, ఆ తర్వాతే బిన్ ఖాళీ చేయండి.